ఉల్లిపాయ ఏమ్స్ టెస్టులో ఫెయిలైతే ఏమైనట్టు?

ఉల్లిపాయల పై రేకుల్ని విడదీసి, ఆ రేకుల్ని మిథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, ఆ ద్రావకాన్ని ఆవిరి చేస్తే అడుగున కొంచెం జిగురు మిగులుతుంది. ఆ జిగురుని ఆమ్లంలో కాసేపు మరిగించి (దేనికో తర్వాత తెలుస్తుంది), సాల్మొనెల్లా బాక్టీరియా ఉన్న ప్లేటు మీద కాస్త వేసి, 37 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచితే, మామూలుగా ముప్ఫై నలభై కాలనీలు కనబడాల్సిన చోట వందల్లో కనబడతాయి. ఈ ప్లేటు పరీక్షనే ఏమ్స్ టెస్టు అంటారు, దాని లెక్క ప్రకారం ఇది పాజిటివ్. ఇందులో డీఎన్ఏని మార్చే పదార్థం, అంటే మ్యూటాజెన్, ఉన్నట్టే. ఇదే ఫలితం ఫ్యాక్టరీలో తయారైన ఏ కొత్త రంగుకో వస్తే కంపెనీ ఆ రంగు మీద ఆశ వదులుకుంటుంది. ఉల్లిపాయని మాత్రం ఎవరూ ఆపరు. ఆపక్కర్లేదు కూడా. కాకపోతే ఎందుకు ఆపక్కర్లేదంటే చాలామంది ఠక్కున చెప్పే జవాబు, "అది ప్రకృతి సిద్ధం కదా" అనేది, తప్పు. సరైన జవాబు కొంచెం పొడుగు.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. విషం వేరు, మ్యూటాజెన్ వేరు. పచ్చబడిన బంగాళాదుంపలో పెరిగే సోలనిన్ విషమే, ఎక్కువైతే వాంతులు అవుతాయి, ఇంకా ముదిరితే నరాల మీద పడుతుంది, కానీ దాని దెబ్బ డీఎన్ఏ మీద కాదు. మ్యూటాజెన్ తిన్నవాడికి ఆ రోజు ఏమీ అనిపించదు. అది కణంలోని రాతలో ఒక అక్షరం మార్చడమో, ఒకటి ఎగరగొట్టడమో చేస్తుంది. అలాంటి మార్పుల్లో చాలావరకు కణమే సరిచేసుకుంటుంది, మిగిలిన వాటిలో చాలావాటి వల్ల ఏమీ కాదు, ఎక్కడో కొన్ని మాత్రం పోగుపడి కేన్సర్‌కి దారి తీయవచ్చు. అంటే ఇక్కడ వెతుకుతున్నది కడుపునొప్పిని కాదు, ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత బయటపడే అవకాశాన్ని. దాన్ని రెండు రోజుల్లో పట్టుకోవాలి. అందుకే బాక్టీరియా.

ఈ పద్ధతిని 1970ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో బ్రూస్ ఏమ్స్ బృందం తయారు చేసింది. ఉపాయం చాలా తెలివైనది. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోలేని సాల్మొనెల్లా రకాలని తీసుకుంటారు. హిస్టిడిన్ లేని ప్లేటు మీద అవి పెరగలేవు. చెడిపోయిన ఆ జన్యువు ఇంకో మ్యుటేషన్ వల్ల మళ్లీ బాగుపడితేనే పెరుగుతాయి. ఒక ప్లేటు మీద దాదాపు పది కోట్ల బాక్టీరియా ఉంటే, దేనికదే బాగుపడేవి కొన్ని పదులు ఉంటాయి. పరీక్షించే పదార్థం వేసినప్పుడు ఆ సంఖ్య పెరిగితే, డోసుతో పాటు ఇంకా పెరుగుతూ పోతే, ఆ పదార్థం డీఎన్ఏని కదిలిస్తోందన్నమాట. ఈ బాక్టీరియాని కావాలనే బలహీనం చేసి పెట్టారు. పై పొర పల్చన చేశారు, పెద్ద అణువులు కూడా లోపలికి దూరేలా. డీఎన్ఏ మరమ్మతు చేసే జన్యువొకటి (యూవీఆర్‌బీ) చాలా రకాల్లో తీసేశారు. టీఏ98 అనే రకం అక్షరాలు జారిపోయే మార్పుల్ని పడుతుంది, టీఏ100 ముఖ్యంగా అక్షరం బదులు అక్షరం వచ్చే మార్పుల్ని పడుతుంది. బాక్టీరియాకి కాలేయం ఉండదు కాబట్టి ఎలుక కాలేయాన్ని నూరి, 9000 జీ వేగంతో సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేలిన ద్రవాన్ని కలుపుతారు. దాన్నే ఎస్9 అంటారు. ఒంట్లోకి వెళ్లాక కాలేయం మార్చేస్తేనే మ్యూటాజెన్ అయ్యే పదార్థాలు ఉంటాయి, వాటి కోసం ఈ ఏర్పాటు.

దొంగల్ని పసిగట్టే అలారం ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే, చిన్న చప్పుడుకి కూడా మోగుతుంది. మోగడం దాని పని. దొంగ ఎవరో చెప్పడం దాని పని కాదు.

రసాయన కంపెనీ ఇచ్చిన తెల్ల పొడిని పరీక్షించడం తేలిక. కూరగాయని పరీక్షించడం అలా కాదు, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మొదటి సమస్య హిస్టిడినే. కూరగాయల రసంలో ప్రోటీన్లతో పాటు విడి అమైనో ఆమ్లాలూ ఉంటాయి, వాటిలో హిస్టిడిన్ కూడా ఉంటుంది. ఆ రసాన్ని నేరుగా ప్లేటు మీద పోస్తే, ఆకలితో ఉండాల్సిన బాక్టీరియాకి భోజనం పెట్టినట్టే. ఏ మ్యుటేషనూ లేకుండానే కాలనీలు పెరుగుతాయి. పరీక్ష హాల్లో కాపీ చీటీలు పంచి, పాసైన వాళ్లని లెక్కపెట్టుకున్నట్టు ఉంటుంది. అందుకే జాగ్రత్తగా చేసేవాళ్లు రసాన్ని ఎక్స్ఏడీ లాంటి రెసిన్ గుండా పంపి హిస్టిడిన్‌ని వదిలించుకుంటారు, లేదంటే బాక్టీరియాకి రసం తగిలించి, కడిగేసి, ఆ తర్వాతే ప్లేటు మీద వేస్తారు. ఏదైనా ఆహారం "ఏమ్స్ టెస్టులో పాజిటివ్" అని చదివినప్పుడు, హిస్టిడిన్ సంగతి ఏం చేశారన్నది అడగాల్సిన మొదటి ప్రశ్న. దీనికి జవాబు లేకపోతే మిగతా టేబుళ్లన్నీ చూడటం టైం వేస్టు.

రెండో సమస్య దీనికి తలకిందులు. వెల్లుల్లిలో అల్లిసిన్, ఆవ జాతి కూరల్లో ఐసోథయోసైనేట్లు బాక్టీరియాని చంపేస్తాయి. చచ్చిన బాక్టీరియా కాలనీ కట్టదు, కాబట్టి మ్యూటాజెన్ ఉన్నా సంఖ్య తక్కువే వస్తుంది. ఇంకా తమాషా ఏంటంటే, చాలా బాక్టీరియా చచ్చిపోతే ప్లేటులో కొసరుగా వేసిన హిస్టిడిన్ అంతా మిగిలిన కొద్దిమందికీ దక్కుతుంది, అప్పుడవి సూదిమొనంత చిన్న కాలనీలు కడతాయి. తొందరపడి లెక్కపెడితే అవీ మ్యుటేషన్ల ఖాతాలో పడిపోతాయి. అందుకే కాలనీల వెనకాల పల్చటి మబ్బులా పరుచుకునే బాక్టీరియా పొరని మైక్రోస్కోపు కింద చూడాలి. ఆ పొర చిరిగిపోయి ఉంటే ఆ ప్లేటుని పక్కన పడేయాలి.

పని కూడా తక్కువేం కాదు. ఐదు బాక్టీరియా రకాలు, ఎస్9తో ఒకసారి, లేకుండా ఒకసారి, ఐదు డోసులు, ఒక్కోదానికి మూడు ప్లేట్లు అనుకుంటే ఒక కూరగాయకి 150 ప్లేట్లు. ఇరవై కూరగాయలకి 3000. పైగా కూరగాయ అంటే ఒకే వస్తువు కాదు. ఉల్లిపాయలో క్వెర్సెటిన్ బయటి రేకుల్లో ఎక్కువ, లోపల తక్కువ. వెలుతురు తక్కువగా తగిలిన ఆకుకూరలో నైట్రేట్ పెరుగుతుంది. క్యాబేజీని కోస్తే ఒక రసాయనం, ముందే ఉడకబెడితే ఇంకో రసాయనం, ఎందుకంటే కోసినప్పుడు మాత్రమే మైరోసినేజ్ అనే ఎంజైము ఆవ జాతి కూరల్లో ఉండే గ్లూకోసినోలేట్లు అనే పదార్థాల్ని చీలుస్తుంది, వేడి తగిలితే ఆ ఎంజైమే చచ్చిపోతుంది. మరి "క్యాబేజీని పరీక్షించాం" అంటే ఏ క్యాబేజీని?

ఇప్పుడు ఉల్లిపాయ జిగురు దగ్గరికి. దాంట్లో కాలనీలు పెంచినది ముఖ్యంగా క్వెర్సెటిన్, చాలా మొక్కల్లో ఉండే ఫ్లేవనాయిడ్. 1977లోనే ఇది టీఏ98లో మ్యూటాజెన్ అని తేలింది, అదీ ఎస్9 సాయం లేకుండా. కూరగాయల సారాల్లో వచ్చే పాజిటివ్‌లని తవ్వుకుంటూ పోతే చాలాసార్లు తేలేది ఇదే. కానీ ఉల్లిపాయలో క్వెర్సెటిన్ ఒంటరిగా ఉండదు, చక్కెర అణువులని తగిలించుకుని ఉంటుంది. ఆ రూపంలో బాక్టీరియా మీద దాదాపు ఏమీ చేయదు. మొదట్లో ఆమ్లంలో మరిగించింది ఆ చక్కెరల్ని ఊడగొట్టడానికే. "అయితే అది ల్యాబులో చేసిన మాయే కదా" అనుకుంటే తొందరపాటు, ఎందుకంటే మన పెద్దపేగులోని సూక్ష్మజీవులూ అదే పని చేస్తాయి. 1980లో ఏమ్స్ బృందమే మనిషి మలం నుంచి ఎంజైముల మిశ్రమం తీసి, దానికి ఫీకలేజ్ అని పేరు పెట్టి, రుటిన్ లాంటి నిరపాయకరమైన గ్లైకోసైడ్లు (ఇలా చక్కెర తగిలించుకుని ఉండే అణువులు) దాని వల్ల మ్యూటాజెన్లు అవుతాయని చూపించింది. పేరు విని నవ్వొచ్చినా ఆ ప్రయోగం చాలా మంచిది. ప్లేటుకీ పేగుకీ మధ్య ఉన్న దూరాన్ని అది కొంత తగ్గించింది.

మరి జంతువుల్లో? 1980లో ఎలుకల పేగులోనూ మూత్రాశయంలోనూ క్వెర్సెటిన్ వల్ల కణుతులు వచ్చాయని ఒక బృందం ప్రకటించింది. తర్వాత చాలామంది అదే చేసి చూస్తే రాలేదు. 1992లో అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం రెండేళ్ల ప్రయోగంలో మేతలో 4 శాతం క్వెర్సెటిన్ కలిపితే మగ ఎలుకల మూత్రపిండాల్లో కణుతులు పెరిగాయి, ఆడ ఎలుకల్లో అలాంటిదేమీ రాలేదు. మేతలో 4 శాతం అంటే, రోజుకి అరకిలో పొడి ఆహారం తినే మనిషికి 20 గ్రాముల శుద్ధ క్వెర్సెటిన్. కూరగాయల నుంచి వచ్చేది పదుల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. పైగా మనిషి పేగు గోడ, కాలేయం కలిసి దాన్ని దాటనిచ్చే లోపే గ్లూకురోనైడ్, సల్ఫేట్ తగిలించేస్తాయి, రక్తంలో విడి క్వెర్సెటిన్ దాదాపు దొరకదు. 1999లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) దీన్ని మూడో గ్రూపులో పెట్టింది, అంటే మనుషుల్లో కేన్సర్ కారకమో కాదో వర్గీకరించలేనిది. ఉల్లిపాయని ఆపక్కర్లేదు అన్నది ఇందుకు: ప్రకృతి ఇచ్చినందుకు కాదు, ఆ అణువు ఏ రూపంలో, ఎంత, ఎక్కడిదాకా చేరుతుందో తెలిసింది కాబట్టి. ఈ వాదన ఉల్లిపాయకి పనిచేసినంత మాత్రాన 500 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ క్యాప్సూల్‌కి అప్పనంగా బదిలీ కాదు. అక్కడ డోసు వేరు, లెక్క వేరు.

ఏమ్స్ కథలో ఒక మలుపు ఉంది. 1977లో ఆయన, ఆర్లీన్ బ్లమ్ కలిసి పిల్లల పైజామాలకి మంటలంటకుండా పూసే ట్రిస్ అనే రసాయనం మ్యూటాజెన్ అని చూపించారు, అదే ఏడాది అమెరికాలో దాన్ని పిల్లల బట్టల్లో నిషేధించారు. పర్యావరణ ఉద్యమకారులకి ఆయన హీరో అయ్యాడు. అదే మనిషి 1990లో మార్జీ ప్రాఫెట్, లోయిస్ గోల్డ్‌లతో కలిసి రాసిన వ్యాసంలో, మనం తినే పురుగుమందుల్లో బరువు ప్రకారం 99.99 శాతం మొక్కలే స్వయంగా తయారు చేసుకునేవి అన్నాడు. పురుగుల్నీ బూజునీ తరమడానికి మొక్క చేసుకునే ఆయుధాలన్నమాట. మనిషికి రోజుకి సుమారు 1.5 గ్రాములు అని అంచనా, ఒక్క క్యాబేజీలోనే అలాంటివి, వాటి నుంచి పుట్టేవి కలిపి 49. అప్పటికి ఎలుకల్లో భారీ డోసులతో పరీక్షించిన 52 సహజ పురుగుమందుల్లో 27 కేన్సర్ తెచ్చాయి. సింథటిక్ రసాయనాల్లోనూ దాదాపు సగమే. ఆయన ఉద్దేశం క్యాబేజీ మానేయమని కాదు. జంతువు తట్టుకోగలిగిన గరిష్ఠ డోసు ఇస్తే కణాలు చచ్చి, వాటి స్థానంలో కొత్తవి పుట్టాలని వేగంగా విభజన జరుగుతుంది, ఆ విభజనే కణుతులకి దారి తీస్తుంది, కాబట్టి ఆ పద్ధతే అతిగా పాజిటివ్‌లు ఇస్తుంది అని.

ఈ వాదనలో మొదటి సగం బలమైనది. రెండో సగాన్ని చాలామంది తమకి కావాల్సినట్టు వాడుకున్నారు, "సహజమైనవే ఎక్కువ కాబట్టి పొలంలో చల్లే మందుల గురించి గొడవ అనవసరం" అని. అది కుదరదు. బరువు పోలిక దేన్నీ తేల్చదు, మొక్కలు చేసుకునే క్లోరోజెనిక్ ఆమ్లం ఒక గ్రామూ, పొలంలో చల్లే ఆర్గానోఫాస్ఫేటు మందు ఒక గ్రామూ ఒకటి కావు. ఆ మందుల్లో చాలావాటి గొడవ మ్యుటేషన్ల గురించి కాదు, నరాల గురించి, వాటిని చల్లే మనిషి గురించి. ఉల్లిపాయకి బెయిల్ వచ్చిందని ఇంకొకరిని విడిచిపెట్టనక్కర్లేదు.

సరే, టెస్టు అనవసరంగా మోగడం గురించి ఇంతసేపు చెప్పుకున్నాం. మోగాల్సిన చోట మోగకపోవడం అంతకంటే పెద్ద సమస్య. ఎక్కువ వేడి మీద వేయించిన బంగాళాదుంపలో అక్రిలమైడ్ ఉంటుందని 2002లో స్వీడన్‌లో బయటపడింది. అక్రిలమైడ్ ఏమ్స్ టెస్టులో నెగెటివ్. ఒంట్లో అది గ్లైసిడమైడ్‌గా మారితే పాజిటివ్, కానీ మామూలు ఎస్9 ఆ మార్పుని సరిగ్గా చేయదు. తులసి జాతి ఆకుల్లో ఉండే ఎస్ట్రగోల్, మిథైల్ యూజినాల్ కూడా అంతే, వాటిని మ్యూటాజెన్‌గా మార్చేది సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము, దానికి కావాల్సిన సహ పదార్థం మామూలు ఎస్9 మిశ్రమంలో వేయరు. మామూలు ప్లేటు మీద నిశ్శబ్దంగా ఉన్న మిథైల్ యూజినాల్‌ని 2023లో ఐఏఆర్‌సీ "బహుశా కేన్సర్ కారకం" అనే 2ఏ గ్రూపులోకి చేర్చింది. జర్మనీలో కొందరు మనిషి సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ జన్యువుని బాక్టీరియాలోకే ఎక్కించి చూస్తే, బ్రకోలీ, పాక్ చోయ్ లాంటి వాటిలోని నియోగ్లూకోబ్రాసిసిన్ అనే గ్లూకోసినోలేట్ నుంచి వచ్చేవి గట్టిగా పాజిటివ్ ఇచ్చాయి. బ్రకోలీ అంటే ఆరోగ్యానికి మారుపేరు అనుకునేవాళ్లకి కొంచెం ఇబ్బందే.

నైట్రేట్ ఇంకో దారి. పాలకూర, బీట్‌రూట్, లెట్యూస్‌లో నైట్రేట్ ఎక్కువ. నోట్లోని బాక్టీరియా అందులో కొంత నైట్రైట్‌గా మారుస్తుంది, కడుపు ఆమ్లంలో అది ఇతర పదార్థాలకి అతుక్కుంటే డీఎన్ఏని దెబ్బతీయగల నైట్రోసో పదార్థాలు పుట్టొచ్చు. 1980ల మధ్యలో జపాన్ శాస్త్రవేత్తలు చైనా క్యాబేజీలోని ఇండోల్ అసిటోనైట్రైల్‌ని నైట్రైట్‌తో కలిపితే మ్యూటాజెన్ అవుతుందని చూపించారు. అంటే కూరలో ఉన్నది మ్యూటాజెన్ కాదు, దాని ముడిసరుకు. అయితే అదే ఆకులో విటమిన్ సి కూడా ఉంటుంది, ఈ అతుక్కునే పనిని అదే అడ్డుకుంటుంది. ఇది కూరగాయల విషయంలో పదే పదే ఎదురయ్యే సంగతి. 1978లో జపాన్‌లోనే త్సునేవో కాడా బృందం క్యాబేజీ లాంటి కూరగాయల రసాలని, మాడిన ప్రోటీన్ నుంచి వచ్చే బలమైన మ్యూటాజెన్‌తో కలిపి పరీక్షిస్తే, కాలనీలు పెరగలేదు సరికదా తగ్గాయి. ఒక ప్లేటు మీద క్యాబేజీ ముద్దాయి, పక్క ప్లేటు మీద పోలీసు.

ఇలాంటివి చదివి "అయితే అంతా సమానమైపోయింది, ఏం తిన్నా ఒకటే" అనుకోవడమూ సోమరితనమే. బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క లేత చిగుళ్లని జపాన్‌లో కూరగా తింటారు. అది మేసిన పశువులకి మూత్రంలో రక్తం, మూత్రాశయంలో కణుతులు. కారణం ఏంటని వెతుకుతూ ఒక దశలో అనుమానించింది మన క్వెర్సెటిన్‌నే; పైన చెప్పిన 1980 ఎలుకల ప్రయోగం ఈ ఫెర్న్ గొడవలోంచి పుట్టిందే. అసలు దోషి టకిలోసైడ్ అని 1980ల్లో తేలింది. క్షార స్థితిలో అది చురుకైన రూపంలోకి మారి డీఎన్ఏకి అతుక్కుంటుంది. ఆ చురుకైన రూపం ఎక్కువసేపు నిలవదు, అందుకే బూడిద నీళ్లలోనో సోడాలోనో నానబెట్టి ఉడికించే పాత పద్ధతి వల్ల అందులో చాలావరకు విరిగిపోతుంది. కొన్ని పూల మొక్కల ఆకుల్లోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లూ ఇదే కోవలోకి వస్తాయి. ప్లేటు మోగింది, జంతువుల్లోనూ నిలబడింది, రసాయన మార్గమూ తెలిసింది. ఇవి ఉల్లిపాయ కేసులు కావు. కానీ రోజువారీ కూరల్లో ఇంత గట్టిగా నిలబడినవి దాదాపు లేవు, కూరలు ఎక్కువ తినేవాళ్లకి కేన్సర్లు ఎక్కువ అని జనాభా అధ్యయనాల్లో మొత్తమ్మీద కనబడలేదు. కొన్ని రకాలు తక్కువగానే ఉన్నాయి, అయితే ఒకప్పుడు ప్రచారం చేసినంత గొప్ప రక్షణ కూడా కాదు.

మరి ఎవరూ ఆపనప్పుడు కూరగాయల్ని పరీక్షించడం దేనికి? పాత కూరల మీద తీర్పు చెప్పడానికైతే అనవసరమే. కొత్తగా ఏదైనా మారినప్పుడు మాత్రం కావాలి: కొత్త వంగడం, గాఢం చేసిన సారం, క్యాప్సూల్. సెలరీ ఉదాహరణ చూడండి. అందులో సొరాలెన్లు ఉంటాయి, డీఎన్ఏ మెట్ల మధ్య దూరి, అతినీలలోహిత ఏ కిరణాలు పడితే రెండు పోగుల్నీ కలిపి కుట్టేస్తాయి. వీటిలో ఒకటైన మిథాక్సలెన్, ఆ వెలుతురుతో కలిసినప్పుడు, ఐఏఆర్‌సీ మొదటి గ్రూపు కేన్సర్ కారకం. ఏమ్స్ ప్లేట్లేమో చీకటి ఇంక్యుబేటర్లో ఉంటాయి. మరమ్మతు జన్యువు తీసేసిన బాక్టీరియా అయితే ఇలాంటి కుట్టు పడగానే మారదు, చచ్చిపోతుంది. అందుకే ఆ జన్యువు ఉంచిన టీఏ102 రకాన్ని 1980ల్లో విడిగా తయారు చేయాల్సొచ్చింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే అమెరికాలో పురుగుని బాగా తట్టుకునే సెలరీ వంగడం ఒకటి మార్కెట్‌లోకి వచ్చింది. తట్టుకోవడానికి కారణం ఏంటంటే సొరాలెన్లు 800 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 800 భాగాలు) ఉండాల్సిన చోట 6200 ఉన్నాయి. ఆ సంగతి ఏ ప్లేటూ ముందుగా చెప్పలేదు. సెలరీ కట్టలు పట్టుకున్న చేతులతో ఎండలోకి వెళ్లినవాళ్లకి చర్మం కాలినట్టు దద్దుర్లొచ్చి, ఆ ఫిర్యాదులు వరసగా వస్తే, అప్పుడు కొలిచారు.